ఫోన్ ట్యాపింగ్ కేసు: హార్డ్ డిస్కులు సరే.. సంతకాలు ఎవరివి?

2023 డిసెంబర్ 3న తెలంగాణ అసెంబ్లీ ఫలితాలు వచ్చాయి. బీఆర్ఎస్ ఓడిపోయింది. మర్నాడు రాత్రి ఎస్ఐబీ ఆఫీసులో సీసీ కెమెరాలు ఆపేసి, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారు.. ఇదీ పోలీసుల అభియోగం. ముక్కలు మూసీలో పడేశారని కూడా చెబుతున్నారు. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్‌లో కేసు పెట్టారు, డీఎస్పీ ప్రణీత్‌రావును అరెస్ట్ చేశారు. అమెరికాలో ఉన్న ఎస్ఐబీ మాజీ చీఫ్ ప్రభాకర్‌రావు సుప్రీంకోర్టు నుంచి మధ్యంతర రక్షణ దొరికాక 2025 జూన్‌లో వచ్చి సిట్ ముందు హాజరయ్యారు. ఇవన్నీ ఇంకా ఆరోపణలే, కోర్టులో ఏదీ రుజువు కాలేదు.

డిబేట్లన్నీ ఆ డిస్కుల చుట్టూనే తిరిగాయి. అసలు మెలిక మాత్రం రూల్ బుక్కులోనే ఉంది.

అప్పట్లో అమల్లో ఉన్నది టెలిగ్రాఫ్ రూల్స్‌లోని 419ఏ. అత్యవసరమైతే తప్ప, రాష్ట్రంలో ఎవరి ఫోన్ వినాలన్నా హోం శాఖ కార్యదర్శి ఆర్డర్ ఉండాల్సిందే. ఒక్కో ఆర్డర్‌కు 60 రోజుల గడువు. ఎంత పొడిగించినా 180 రోజులు దాటకూడదు. అదే రూల్ ఇంకో మాట కూడా చెబుతుంది: అవసరం తీరిన రికార్డుల్ని ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలి. జనం ప్రైవసీ కోసం పెట్టిన నిబంధనే. కానీ తప్పు చేసినవాళ్లకూ అదే కవచం. 'రూల్ ప్రకారమే చెరిపేశాం' అంటే ఏం చేస్తారు? అందుకే ఆ రాత్రి కెమెరాలు ఎందుకు ఆగాయన్నది ఇంత కీలకమైంది.

ఇక ఆర్డర్లను రెండు నెలలకోసారి రివ్యూ కమిటీ చూడాలి. అందులో ఉండేది ప్రధాన కార్యదర్శి, న్యాయ శాఖ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి. ముగ్గురూ సర్కారు మనుషులే! ట్యాపింగ్‌కు ముందే జడ్జి అనుమతి ఉండాలన్న వాదనను 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2024 డిసెంబర్‌లో కొత్త రూల్స్ వచ్చినా కమిటీలో జడ్జికి చోటు దక్కలేదు.

మావోయిస్టుల సానుభూతిపరులంటూ లీడర్ల నంబర్లకు పర్మిషన్ తెచ్చుకున్నారన్నది సిట్ అనుమానం. అది నిజమైతే ఆ లిస్టు పైదాకా వెళ్లినట్టే. ఈ నంబర్ ఎవరిదని ఒక్కరైనా అడిగారా? డిస్కులు పోయినా ఆర్డర్ కాపీలు ఆఫీసు ఫైళ్లలో, కంపెనీల దగ్గర ఉండాలి. వాటికీ చెరిపేసే గడువుంది మరి.

ఫోన్ విన్నామని తర్వాతైనా బాధితుడికి చెప్పాలన్న రూల్ మాత్రం ఎక్కడా లేదు. చాలామందికి ఆ సంగతి తెలిసింది, వాంగ్మూలం ఇవ్వడానికి రమ్మని సిట్ నుంచి కాల్ వచ్చాకే.