కష్టం ఒకరిది, సట్టా మరొకరిది

బ్యాంకు లావాదేవీ మొదలు రైలు టికెట్టు వరకు నేడు మన నిత్యజీవితంలో ఏ కంప్యూటర్ వ్యవహారాన్ని తరచి చూసినా, ఎక్కడో ఎవరో ఉచితంగా రాసి లోకానికి వదిలిన సాఫ్ట్‌వేర్ దాని అడుగున కనిపిస్తుంది. ఓపెన్ సోర్స్‌గా వ్యవహరించే ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పైసా చెల్లించకుండా వాడుకోవచ్చు. రాసినవారికి గ్రాసం ఎలాగన్న ప్రశ్నకు మాత్రం దశాబ్దాలుగా సరైన సమాధానం కొరవడింది. ఆ ఖాళీలోకి ఇప్పుడు క్రిప్టో వ్యాపారులు ప్రవేశించారు. ప్రాజెక్టు పేరిట ఒక టోకెన్‌ను సృష్టించి మార్కెట్‌లోకి వదలండి, దాని ధర పెరిగితే మీ శ్రమకు ఫలితం దక్కుతుందన్నది వారి ఉపదేశం. వినసొంపుగా ఉన్న ఈ ఉపదేశం ఆచరణలో ఎటు దారితీసిందో తెలుసుకోవడానికి టీ ప్రోటోకాల్ ఉదంతం ఒక్కటి చాలు.

అవసరం లేదని ఎవరూ అనరు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్‌లో సగం తలుపులకు తాళం వంటి ఆ సాఫ్ట్‌వేర్‌కు విరాళాల రూపంలో ఏటా అందుతున్నది సుమారు 2,000 డాలర్లేనని తెలిసి లోకం విస్తుపోయింది. 2021 డిసెంబరులో లాగ్4జె లోపం ప్రపంచ సంస్థలన్నిటికీ నిద్ర లేకుండా చేసిన రోజుల్లో దాన్ని సరిదిద్దింది వేతనం ఎరుగని కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలు. 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ వ్యవహారం మరీ దారుణం. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి ఒంటరిగా మోస్తూ అలసిపోయిన నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ చేరిన ఓ అజ్ఞాత వ్యక్తి, రెండేళ్లకు పైగా నమ్మకం కూడగట్టుకొని అందులో దొంగదారి అమర్చాడు. లాగిన్ కావడానికి అర సెకను అదనంగా పడుతున్నదేమని మైక్రోసాఫ్ట్ ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆరా తీయబట్టి సరిపోయింది గాని, లేకుంటే ఎన్ని సర్వర్లు పరాధీనమయ్యేవో!

ఈ దుస్థితిని చక్కదిద్దుతానంటూ వచ్చినదే టీ ప్రోటోకాల్. దాని సృష్టికర్త మాక్స్ హోవెల్ పైలాపచ్చీసు వ్యాపారి కాదు, మ్యాక్ కంప్యూటర్లపై లక్షలాది మంది వాడే హోమ్‌బ్రూను రాసిన వ్యక్తి. ఏ సాఫ్ట్‌వేర్‌పై ఎన్ని ఇతర సాఫ్ట్‌వేర్లు ఆధారపడి ఉన్నాయో లెక్కగట్టి, ఆ దామాషాలో నిర్వాహకులకు టోకెన్లు పంచాలన్నది ఆయన పథకం. ఉద్దేశం మంచిదే. అయితే 2024 ఫిబ్రవరిలో ప్రయోగాత్మక వ్యవస్థ మొదలైన కొద్ది వారాలకే, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎంలో వేల సంఖ్యలో ఉత్తుత్తి ప్యాకేజీలు వచ్చిపడ్డాయి. ఒకటి మరొకదానిపై ఆధారపడినట్లు చూపితే స్కోరు పెరుగుతుంది మరి. ఇతరుల ప్రాజెక్టులలోకి తమ ఖాతా వివరాలను చొప్పించి, యాజమాన్యం తమదేనని చాటుకోజూచిన ఘనులూ తయారయ్యారు. 2025 నవంబరు నాటికి ఈ బాపతు ప్యాకేజీలు లక్షా 50 వేలు దాటినట్లు అమెజాన్ పరిశోధకులు వెల్లడించారు. వాటిలో అనేకం ఇండొనేసియా వంటకాల పేర్లతో యంత్రాలు తయారుచేసినవి! సాంకేతిక భాండాగారం వంటల జాబితాగా మారడం నవ్వు పుట్టించవచ్చు గాని, ఆ చెత్తను ఏరివేసే భారం పడింది ఎవరిని ఆదుకోవాలని పథకం పుట్టిందో వారి వర్గంపైనే.

లోపం ఒక్క సంస్థది కాదు, కొలమానానిది. టోకెన్‌కు ధర పలుకుతుందన్న ఆశ పుట్టిన మరుక్షణం లెక్కకు అందే అంకెలను పెంచుకోవడమే వృత్తిగా పెట్టుకునేవారు పుట్టుకొస్తారు. 2017లో మొదలైన గిట్‌కాయిన్ సంస్థ అనుభవమూ కొంత ఇటువంటిదే. దాతల మొత్తం కన్నా దాతల సంఖ్యకు ఎక్కువ విలువనిచ్చే పద్ధతిలో అది ఎన్నో ప్రాజెక్టులకు నిజంగానే సాయపడింది. ఒకే వ్యక్తి పలు మారుపేర్లతో విరాళమిచ్చే మోసాన్ని ఎదుర్కోవడానికి ప్రత్యేక గుర్తింపు వ్యవస్థను కట్టుకోవలసివచ్చింది. 2021 మే నెలలో అది విడుదల చేసిన జీటీసీ టోకెన్ ధర తర్వాతి సంవత్సరాలలో 90 శాతానికి పైగా పతనమైంది. సాఫ్ట్‌వేర్ చెడినందువల్ల కాదు, క్రిప్టో మార్కెట్ గాలి మారినందువల్ల. లోపాన్ని సరిదిద్దిన రోజున ధర పెరగదు, విస్మరించిన రోజున తగ్గదు. అటువంటి ధరకు శ్రమతో సంబంధమేమిటి? టోకెన్ కొన్నవాడు వాడకందారు కాదు, సట్టాదారు. ధర పడినప్పుడు అతని ఆగ్రహం తిరిగేది మాత్రం కోడ్ రాసినవాడి మీదికే.

మన దేశంలో చిక్కులు మరికొన్ని ఉన్నాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో ఆస్తుల అమ్మకపు లాభంపై 30 శాతం పన్ను, అదే ఏడాది జులై 1 నుంచి బదిలీలపై ఒక శాతం టీడీఎస్ అమలులోకి వచ్చాయి. ఒక టోకెన్‌పై వచ్చిన నష్టాన్ని మరో ఆదాయంలో సర్దుబాటు చేసుకునే వీల్లేదు. సేవకు ప్రతిఫలంగా టోకెన్లు పుచ్చుకున్న హైదరాబాద్ ప్రోగ్రామర్‌కు పుచ్చుకున్న నాటి విలువే ఆదాయంగా లెక్కకు వస్తుంది. అమ్మబోయేసరికి ధర సగమైతే చేతికి రాని సొమ్ముకు పన్ను కట్టినట్లే. ఇక టోకెన్లను దాచుకునే చోటైనా భద్రమా అంటే, 2024 జులైలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన ఆస్తులు చోరీకి గురై, ఖాతాదారుల సొమ్ము ఏడాదికి పైగా స్తంభించిన సంగతి తెలిసిందే.

వాడుకుంటున్నవారే నేరుగా చెల్లించే మార్గం ఉండగా ఈ డొంకతిరుగుడు దేనికి? జర్మనీ ప్రభుత్వం 2022లో ఇందుకోసమే సావరిన్ టెక్ ఫండ్‌ను నెలకొల్పింది. మన దేశంలో షేర్ బ్రోకింగ్ సంస్థ జెరోధా 2024 అక్టోబరులో ఏటా పది లక్షల డాలర్ల నిధిని ప్రకటించింది. ఏటా 20,000 కోట్ల డాలర్లకు మించి ఎగుమతులు చేస్తున్న మన ఐటీ రంగానికి ఆ మొత్తం చిల్లరతో సమానం. అయినా పెద్ద కంపెనీలలో అధికభాగం ఈ విషయంలో మౌనమే పాటిస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం సైతం 2015 నాటి విధానంలో తన టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలనీ, కాదనే గుత్తేదారు కారణం చూపాలనీ నిర్దేశించింది. ఖజానాకు లైసెన్సు ఖర్చు అలా ఆదా అవుతున్నప్పుడు అందులో కొంత శాతాన్ని మూలకర్తలకు చేర్చాలన్న నిబంధనను అవే టెండర్లలో పెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు, మంత్రిత్వశాఖ ఉత్తర్వు ఒకటి చాలు.