హీల్ సెలెక్షన్ ఎక్కడికి పోయింది?

జింప్‌లో ఫొటోలు దిద్దే అలవాటుందా? అయితే రీసింథసైజర్ ప్లగిన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. పెళ్లికూతురి తల వెనక కరెంటు స్తంభం పడిందనుకోండి. లాసోతో దాని చుట్టూ గీసి, ఫిల్టర్స్‌లో ఎన్‌హాన్స్, అందులో హీల్ సెలెక్షన్ నొక్కితే చాలు, స్తంభం పోయి ఆకాశం వచ్చేస్తుంది. ఫొటోషాప్‌లో కంటెంట్ అవేర్ ఫిల్ వచ్చింది 2010లో. జింప్ వాడేవాళ్లకి అంతకుముందే ఈ సుఖం ఉంది.

అలాంటిది ఉబుంటు 20.04కి మారాక చాలామందికి ఆ మెనూయే కనబడలేదు. ప్లగిన్ ప్యాకేజీ వేసినా జాడ లేదు. ఎందుకంటారా? రీసింథసైజర్‌లో బరువు పని చేసేది సీ భాషలో రాసిన ఇంజిన్. దాన్ని మెనూలోకి తెచ్చేవి మాత్రం పైథాన్ 2 స్క్రిప్టులు. 2020 జనవరి 1తో పైథాన్ 2కి కాలం చెల్లింది. ఆ ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటులోంచి జింప్-పైథాన్, పైథాన్-జీటీకే2 ప్యాకేజీలు తీసేశారు. ఇంజిన్ ఉంది, పిలిచేవాడే లేడు!

ఇలాంటప్పుడు జింప్‌ని తీసేసి మళ్లీ వేసినా ఒరిగేదేం ఉండదు. టెర్మినల్ తెరిచి అక్కణ్నుంచే జింప్‌ని నడపండి. పైథాన్ ప్లగిన్ అయితే ఏ మాడ్యూల్ దొరకలేదో పేరు పెట్టి మరీ చెబుతుంది. సీలో రాసిందైతే ఆ ఫైలు మీద ఎల్‌డీడీ కమాండ్ వేయండి, ‘నాట్ ఫౌండ్’ అని ఉన్న లైబ్రరీయే మీకు కావాల్సింది. ఏ తప్పూ చూపించకపోతే, ఆ ఫైలుకి నడిచే అనుమతి ఉందో లేదో చూడండి.

పేరు దొరికింది కదా అని పాత ఉబుంటు డెబ్ ఫైళ్లు తెచ్చి వేసేయకండి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఒకటి వేస్తే ఇంకోటి కావాలంటుంది, చివరికి ఆప్ట్ మొరాయిస్తుంది. దానికన్నా ఫ్లాట్‌పాక్ జింప్ నయం. తనకి కావాల్సిన సరంజామా తనే తెచ్చుకుంటుంది. రీసింథసైజర్, జీమిక్ లాంటివి దానికి విడి ఎక్స్‌టెన్షన్లుగా దొరుకుతాయి. ప్లగిన్ కూడా ఫ్లాట్‌పాక్‌దే తీసుకోవాలండోయ్, ఆప్ట్‌తో వేసింది దానికి కనబడదు.

2025 మార్చిలో జింప్ 3.0 వచ్చింది. ఇప్పుడంతా పైథాన్ 3. 2.10 నాటి ప్లగిన్లు ఇందులో నడవవు, 3.0 కోసం రాసినవే తెచ్చుకోవాలి. ప్రతి ప్లగిన్‌నీ దాని పేరుతోనే ఉన్న ఫోల్డర్‌లో పెట్టాలి. ఊరికే ప్లగ్-ఇన్స్ ఫోల్డర్‌లో పడేస్తే పట్టించుకోదు.

కాబట్టి ప్లగిన్ వెతికే ముందు మీ జింప్ ఏ వెర్షనో, ఎక్కణ్నుంచి వేశారో చూసుకోండి. ఆ రెండింటికీ ప్లగిన్ సరిపోతే సగం తలనొప్పి అక్కడే పోతుంది.