అంగుళం చేసిన ఆగడం

ఎత్తు తగ్గితే అందం పెరిగే వస్తువు లోకంలో ఏదైనా వున్నదంటే అది ఆటకారే. ఆ అందం కోసం నేను చేసిన నిర్వాకం యీ వారం మనవి చేసుకుంటాను.

ఇక్కడ ఇంగ్లండులో, మా షెడ్డులో 1976 నాటి ఎం.జి.బి. బండి వొకటి వున్నది. ఇద్దరు కూర్చునేది, టాపు తీసేసుకునేది. ఆబింగ్డన్ వూళ్ళోని ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 వరకూ యీ బళ్ళు తయారయాయి. మొదట్లో నేలబారుగా ముచ్చటగా వుండేవి. 1974లో అమెరికా వారి నిబంధనల కోసం నల్లని రబ్బరు బంపర్లు బిగించి, బండినే సుమారు 1 అంగుళం పైకి లేపారు. దాంతో పంచె ఎగగట్టి బురద దాటే పెద్దమనిషి వాలకం వచ్చింది దానికి. మలుపుల్లో వొరగడమూ ఎక్కువైంది. ఆ అంగుళం దించుదామని బయలుదేరాను.

వెనక పని తేలిక. ఇరుసుకూ కమాను పట్టీలకూ నడుమ దిమ్మ పెడితే, దిమ్మ ఎంత మందమో బండి అంత దిగుతుంది. ముందు చక్రాలకు చుట్ట స్ప్రింగులు. అక్కడా అదే లెక్క అనుకుని అంగుళం పొట్టి స్ప్రింగులు తెచ్చి వేశాను. బండి 2 అంగుళాలు దిగింది! పోనీలే, మరీ అందంగా వుందని మురిసిపోయాను. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే.

ఆదివారం మా ఆవిడను ఎక్కించుకుని షికారు బయలుదేరాను. మొదటి గతుకులోనే ఎముకలు కదిలాయి. ఆ తరవాత మలుపులో చిన్న గుంట తగిలింది. స్ప్రింగు ఇంకా నొక్కుకోవడానికి చోటులేక, చక్రం తాలూకు చేయి వెళ్ళి రబ్బరు దిమ్మకు కొట్టుకున్నది. బండి ఎగిరి రోడ్డుకు అవతలి పక్కన పడింది. ఎదురుగా లారీ! ఆ డ్రైవరు బ్రేకు వేశాడు గనుక యీ శీర్షిక సాగుతున్నది.

"మీ బండి అందం మీరే చూసుకోండి. నేను బస్సులో వస్తాను" అన్నది మా ఆవిడ.

పక్కింటి ముసలాయన పాత మెకానిక్కు. వచ్చి చూసి నవ్వాడు. "తలుపును మడతబందు దగ్గర కాస్త తోసి చూడు, గడియ దగ్గర ఎంత కదులుతుందో" అన్నాడు. అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. స్ప్రింగు చక్రం మీద లేదు, చేతికి ఇంచుమించు నడిమధ్య వున్నది. అక్కడ అర అంగుళం తగ్గితే, చక్రం దగ్గర అంగుళం అవుతుంది.

రెండో తప్పూ ఆయనే పట్టాడు. బండిని జాకీ మీద వుంచి, చక్రాలు వేలాడుతుండగా రబ్బరు బుష్షుల బోల్టులు బిగించేశాను. బండి కిందికి దిగేసరికి రబ్బరు మెలిపడుతుంది. తొందరగా చిరుగుతుంది, ఎత్తూ తప్పు చూపిస్తుంది. బరువు చక్రాల మీద పడ్డాకనే వాటిని చివరిసారి బిగించాలి.

ఇక కొలత. చదునైన నేల కావాలి. టైర్లలో గాలి సరిగా వుండాలి. జాకీ దించాక బండిని నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నెట్టాలి; లేకపోతే చక్రాలు సర్దుకోవు. చక్రం నడిబొడ్డు నుంచి మడ్గార్డు అంచు దాకా కొలవాలి గాని, నేల నుంచి కాదు. అలా కొలిస్తే టైరు సంగతి లెక్కలోకి రాదు. కొత్త స్ప్రింగులు కొన్నాళ్ళు తిరిగాక ఇంకాస్త కుంగుతాయి గనుక, మొదటిరోజు కొలత చూసి సంబరపడకూడదు. ఎత్తు మారితే ముందు చక్రాల అలైన్‌మెంటూ, దీపాల చూపూ మళ్ళీ సరిచేయించాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఖాళీ బండిని కొలవకూడదు. బండి నడిచేది మనుషులతో గదా! అందుచేత అర అంగుళం పొట్టి స్ప్రింగులు వేసి, నా సీటులో నా బరువుకు సరిపడా ఇసుక బస్తాలు పెట్టి, మా ఆవిడను రెండో సీటులో కూర్చోమని బతిమాలుకున్నాను.

"బస్తాలు చాలవా? నేనెందుకు?" అన్నది.

"నీ బరువు ఎంతో నువ్వు చెప్పవు గదా!" అన్నాను.

నవ్వు ఆపుకుంటూ వచ్చి కూర్చున్నది. రబ్బరు దిమ్మకు ఎంత ఎడం వున్నదో ఇద్దరం కలిసే చూశాం. మరుసటి ఆదివారం ఆవిడ బస్సు ఎక్కలేదు.