మందు కాదన్న ధైర్యం

పిల్లవాడికి ఓసీడీ (చేసిన పనినే పదేపదే చేయించే మానసిక రుగ్మత) ఉందని డాక్టరు తేల్చి చీటీ రాసిచ్చిన రోజే చాలా ఇళ్లలో ఇంకో వెతుకులాట మొదలవుతుంది. ఈ వయసులో మెదడు మీద పనిచేసే మందులేమిటన్న భయం ఒకపక్క, రాసిన లెక్కనే కాగితం చిరిగేదాకా చెరిపి రాస్తున్న బిడ్డ ఇంకోపక్క. ఆ నలుగుబాటులో ఇనోసిటాల్, ఎన్-అసిటైల్ సిస్టీన్, ఒమేగా-3, మెగ్నీషియం లాంటి పేర్లు ఎదురవుతాయి. ఇవి మందులు కావు, ఒక రకంగా ఆహారమే కదా అన్న ధైర్యంతో డబ్బా ఇంటికొస్తుంది. ఆ ధైర్యానికి ఆధారం లేదన్నదే ఇక్కడి వాదన. సప్లిమెంట్ల డబ్బా మీద ‘వైద్య వినియోగానికి కాదు’ అన్న మాట ముద్రించాలని ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట భద్రతకు హామీ ఏమీ కాదు. ఫలానా జబ్బును తగ్గిస్తుందని రుజువు చేయమని తయారీ కంపెనీని ఎవరూ అడగలేదని మాత్రమే దానర్థం. చీటీ లేకుండా దొరకడం వేరు, పరీక్షకు నిలవడం వేరు. జబ్బు తగ్గాలని ఇస్తున్నప్పుడు మనం దాన్ని మందుగానే ఇస్తున్నాం. అలాంటప్పుడు మందును అడిగే ప్రశ్నలన్నీ దాన్నీ అడగాల్సిందే.

అడిగితే వచ్చే జవాబులు అంత గట్టివి కావు. ఇనోసిటాల్‌కు పేరు తెచ్చింది 1996లో ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. అందులో పాల్గొన్నది 13 మంది, అందరూ పెద్దవాళ్లే. రోజుకు 18 గ్రాముల చొప్పున ఆరు వారాలు ఇస్తే, ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా లక్షణాలు తగ్గాయి. 18 గ్రాములంటే అర గ్రాము క్యాప్సూళ్లు రోజుకు 36. అదే బృందం 1999లో, అప్పటికే ఓసీడీ మందులు వాడుతున్న పదిమందికి దాన్ని జోడించి చూస్తే తేడా కనిపించలేదు. ఎన్-అసిటైల్ సిస్టీన్ కథ ఇంకా కనువిప్పు కలిగిస్తుంది. ఓసీడీకి దగ్గరి చుట్టమైన, జుట్టు పీక్కునే రుగ్మత ఉన్న 50 మంది పెద్దలకు ఇస్తే సగానికి పైగా బాగా మెరుగుపడ్డారని 2009లో తేలింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో అలా మెరుగుపడింది 16 శాతమే. అందరికీ ఆశ పుట్టింది. 2013లో అదే జబ్బున్న 39 మంది పిల్లల మీద పరీక్షించారు. ఉత్తుత్తి మాత్రకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్దల ఫలితాన్ని పిల్లల మోతాదుకు కుదించి వాడుకోవచ్చన్న ఊహ అక్కడే బెడిసికొట్టింది. ఇక ఈ సప్లిమెంటుతో నేరుగా ఓసీడీ మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి. కొన్ని ఔనన్నాయి, కొన్ని కాదన్నాయి.

వీటి పక్కన పెట్టి పోల్చి చూడాల్సింది 2004లో అమెరికాలో వెలువడిన పోట్స్ అధ్యయనం. 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మందిని నాలుగు జట్లు చేసి 12 వారాలు చూశారు. సెర్ట్రలైన్ అనే మందు, సీబీటీ అనే మానసిక చికిత్స రెండూ అందుకున్న జట్టులో దాదాపు 54 శాతం మందికి జబ్బు లక్షణాలు నామమాత్రమయ్యాయి. చికిత్స ఒక్కటే అందినవాళ్లలో 39 శాతం, మందు ఒక్కటే వాడినవాళ్లలో 21 శాతం, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 4 శాతం. నమ్మకంతో ఏది ఇచ్చినా ఎంతో కొంత పనిచేస్తుందిలే అనేవాళ్లు ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. అయితే ఈ లెక్కల్లో ఇంకా ముఖ్యమైన సంగతి రెండో అంకెలో ఉంది. మందు వద్దనుకునే తల్లిదండ్రులకు మందు లేని దారి నిజంగానే ఉంది. తేలికపాటి, మధ్యస్థాయి ఓసీడీకి ముందుగా సీబీటీయే ఇవ్వాలని అమెరికా, బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. బయటి చెప్పును ముట్టుకోవడం, చెయ్యి కడుక్కోకుండా కూర్చోవడం, గుండె దడ పెరిగి దానంతటదే దిగేదాకా ఓర్చుకోవడం, రేపు ఇంకాస్త కష్టమైనది ప్రయత్నించడం. చికిత్సలో అసలు పని ఇదే. మందు అంటే భయపడేవాళ్లు వెళ్లాల్సింది మెడికల్ షాపులో పక్క అర దగ్గరికి కాదు, ఈ పని నేర్పే సైకాలజిస్టు దగ్గరికి.

మందుల దుష్ప్రభావాల మాటేమిటని అడగడం న్యాయమే. సెర్ట్రలైన్ లాంటి మందులు వాడే పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు, ఆ తరహా ప్రవర్తన పెరగవచ్చని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టె కట్టిన హెచ్చరిక వేయించింది. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మందు వాడినవాళ్లలో సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 2 శాతం. ఆ అధ్యయనాల్లో ఒక్క ఆత్మహత్యా జరగలేదు. మొదటి వారాల్లో పిల్లల్ని కనిపెట్టి ఉండాలని డాక్టర్లు చెప్పేది ఇందుకే. వేలమంది పిల్లల మీద పరీక్షించారు కాబట్టే ఆ ముప్పు ఎంతో అంకెల్లో తెలిసింది. సప్లిమెంట్లకు అలాంటి అంకె లేకపోవడాన్ని ముప్పు లేకపోవడంగా చదువుకుంటున్నాం. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఓసీడీలో ఉత్తుత్తి మాత్రను మించలేదని 2005లో తేలింది. పైగా దాన్నిగానీ 5-హెచ్‌టీపీ అనే సప్లిమెంటునుగానీ సెర్ట్రలైన్ లాంటి మందుతో కలిపితే ఒంట్లో సెరటోనిన్ ప్రమాదకరంగా పెరగవచ్చు. అంత దూరం ఎందుకు, వారానికొకటి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల విటమిన్ డి సాషేను రోజూ వేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుంది.

మన పిల్లల్లో పోషక లోపాలు లేవా అంటే, బోలెడున్నాయి. 2016-18 జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్లవారిలో 31 శాతం మందికి బి12 లోపం, 28 శాతం మందికి రక్తహీనత కనిపించాయి. కాబట్టి రక్తపరీక్ష చేయించి, లోపం ఉంటే దిద్దాలి. ఓసీడీ ఉన్నా లేకపోయినా చేయాల్సిన పనే అది. బి12 సర్దుకున్నాక నీరసం తగ్గితే సంతోషం. తలుపు గడియను పదిహేనుసార్లు చూసుకోవడం కూడా ఆగుతుందని ఆశపెట్టుకోవడం మాత్రం వేరే సంగతి.

‘మా వాడికి పౌడరుతో తగ్గింది’ అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఓసీడీ పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. పరీక్షలప్పుడు ముదురుతుంది, సెలవుల్లో నెమ్మదిస్తుంది. బాగా ముదిరినప్పుడే కదా డబ్బా కొనేది, ఆ తర్వాత కొంత నెమ్మదించడం ఎటూ జరిగేదే. ఇంకో చిక్కు ఉంది. ‘శుభ్రంగానే ఉంది నాన్నా’ అని అమ్మ ఇరవైసార్లు భరోసా ఇవ్వడం, నాన్న వేరే తువ్వాలు తెచ్చిపెట్టడం జబ్బుకు బలాన్నిచ్చే పనులని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఇంట్లో మారాల్సింది అది. డబ్బా వచ్చాక ఆ మార్పు వాయిదా పడుతుంది. అసలు నష్టం ఇదే, డబ్బు తర్వాతి మాట. చికిత్స ఇచ్చేవాళ్లు జిల్లాల్లో ఎక్కడున్నారన్న ఫిర్యాదు నిజమే, అందులో ప్రభుత్వాల తప్పు చాలా ఉంది. కానీ సైకాలజిస్టు దూరంగా ఉన్నాడని పౌడరుకు కొత్త గుణం రాదు. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడి దగ్గర్లోని సేవల దారి చూపిస్తారు.

అయినా ఎన్-అసిటైల్ సిస్టీన్ లాంటిది ప్రయత్నించి చూస్తామంటే, అసలు చికిత్స సాగుతుండగా, డాక్టరుకు చెప్పి, ఒకసారికి ఒకటే మొదలుపెట్టాలి. పిల్లల ఓసీడీ తీవ్రతను 40 పాయింట్లకు కొలిచే సీవై-బాక్స్ స్కోరును ముందే వేయించుకోవాలి. ఎన్నాళ్లు చూడాలో డాక్టరుతో తేల్చుకుని, మళ్లీ కొలిచే తేదీని డబ్బా తెచ్చిన రోజే క్యాలెండర్ మీద రాసిపెట్టుకోవాలి. ఆ రోజుకు స్కోరు కదలకపోతే రెండో డబ్బా కొనకూడదు.