చిప్ చూడని డాక్టరేట్లు

లో-పవర్ సర్క్యూట్ల మీద పిహెచ్.డి. వైవాకు ఎగ్జామినర్‌గా వెళ్తే నేను మొదట అడిగేది ఒకటే: "ఏ టెంపరేచర్ దగ్గర రన్ చేశావమ్మా?" ఎక్కువమంది చెప్పే జవాబు 27 డిగ్రీలు. సర్క్యూట్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూసే స్పైస్ సాఫ్ట్‌వేర్, మనం వేరే చెప్పకపోతే, తనంతట తాను తీసుకునే అంకె అది. మే నెలలో రామగుండం ఎండలో ఆ 27 ఎక్కడ దొరుకుతుంది? ట్రాన్సిస్టర్‌ను ఆఫ్ చేసినా జారిపోయే లీకేజీ కరెంటు వేడితోపాటే ఎగబాకుతుంది. మా రంగం ఇన్నేళ్లుగా కుస్తీ పడుతున్నది దానితోనే.

ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ వోల్టేజీనీ అదే పాళ్లలో తగ్గించుకుంటూ పోవచ్చని 1974లో రాబర్ట్ డెనార్డ్ బృందం లెక్కకట్టింది. 2005 ప్రాంతానికి ఆ దారి మూసుకుపోయింది. ఎందుకంటే మామూలు ట్రాన్సిస్టర్‌లో కరెంటు పదో వంతుకు పడాలంటే, గది ఉష్ణోగ్రత దగ్గర గేటు వోల్టేజీ కనీసం 60 మిల్లీవోల్టులు తగ్గాలి. భౌతికశాస్త్రం గీసిన గీత అది. దాన్ని దాటడానికే టనెల్ ఫెట్ లాంటి కొత్తరకం ట్రాన్సిస్టర్లు పుట్టాయి. మన థీసిస్‌లలో ఆ గీతను రోజూ దాటేస్తున్నాం, కంప్యూటర్ తెర మీద.

స్కాలర్లను తప్పుపట్టను. వాళ్ల గైడ్ల ప్రమోషన్ ఫారంలో పేపర్లకు మార్కులున్నాయి. చిప్ చేయించి, అది పనిచేయకపోతే ఎందుకు చేయలేదో నెలల తరబడి కొలిచి తేల్చిన అధ్యాపకుడికి అందులో గడే లేదు. అలాంటప్పుడు ఎవరైనా పేపరే రాస్తారు. నేనూ రాశాను, గైడ్‌గా రాయించాను.

ఒకప్పుడు చిప్ చేయించడానికి డబ్బు లేదనేవాళ్లం. ఇప్పుడు కేంద్రం 'చిప్స్ టు స్టార్టప్' కింద 85 వేలమందికి శిక్షణ ఇస్తానంటోంది. బెంగళూరు సీ-డాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను కాలేజీలకు అందిస్తోంది. మొహాలీలోని ప్రభుత్వ సెమీకండక్టర్ లేబొరేటరీ (ఎస్‌సీఎల్)లో 180 నానోమీటర్ల ఫ్యాబ్, అంటే చిప్‌లు తయారుచేసే కర్మాగారం, ఉంది. పాతకాలపు టెక్నాలజీ అని మూతి విరిచేవారు ఒకటి గమనించాలి: లీకేజీ తక్కువ కాబట్టి, నెలలో ఎక్కువ భాగం నిద్రపోయే సెన్సర్లకు ఆ పాతదే మేలు. చేతి గడియారాల బ్యాటరీ ఏళ్లతరబడి రావాలని స్విట్జర్లాండ్‌లో ఎరిక్ విట్టోజ్ 1970లలో అతి తక్కువ కరెంటు సర్క్యూట్లు కట్టింది ఇంతకన్నా ఎంతో మోటు ట్రాన్సిస్టర్లతోనే.

యూనివర్సిటీలు చేయాల్సింది పెద్దదేం కాదు. ప్రమోషన్ ఫారంలో కొలిచిన చిప్‌కు గడి పెట్టాలి, పనిచేయని చిప్‌కు కూడా. చిప్ చేయించలేని కాలేజీ స్కాలర్ పక్క యూనివర్సిటీ చిప్‌నైనా తీసుకుని, 85 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, లీకేజీ ఎంతొచ్చిందో థీసిస్‌లో రాయాలి.