మన యింటి ముచ్చటలు: పద్దు పుస్తకములోని పాట



ఈ మాసమున మాగాయను గూర్చి వ్రాసెదనని పోయినసారి మాట యిచ్చియుంటిని. దానిని వచ్చు మాసమునకు వాయిదా వేయుచున్నాను, మన్నింపుడు. పది దినముల క్రిందట మా మేనకోడలు వచ్చి, "అత్తమ్మా, నీ పాత పద్దు పుస్తకాలు ఉన్నయా? 2018 నుంచి కావాలె" అని యడిగినది. పాల లెక్క, కూరల లెక్క, చాకలి లెక్క నేను వ్రాసి యుంచుట మా యింట నందఱికిని నవ్వులాటయే. ఆ పుస్తకములతో నీ పిల్లకేమి పనియని వింతపడితిని.

సంగతి యిది. ఆమె స్నేహితులలో నొక కుఱ్ఱవాడు 2021 మే మాసమున కరోనా జబ్బుతో పోయినాడు. ఇరువదినాలుగేండ్లవాడు. వీరందఱు గలసి నడపిన పాటల జట్టులో గొంతు అతనిదే. ఇంటిలో తండ్రికి తెలియకుండ పాడెడివాడు. అందుచేత తల్లి యొక్కనాడును వినియుండలేదు. ఆమె నాచారమున నుండును. ఇన్నాళ్లకు మా మేనకోడలిని పిలిపించి, "మావాడు ఎన్నిసార్లు పాడిండో, ఎక్కడెక్కడ పాడిండో చెప్పు బిడ్డా" అని యడిగినదట. మిగిలిన నలుగురును ఫోనులలో మాటలాడుకొని, తలలు పట్టుకొని కూర్చున్నను పది దినములకు మించి జ్ఞాపకమునకు రాలేదు. వీడియోలున్న ఫోను నీళ్లలో పడినది. రికార్డులన్నియు దాచిన పిల్లవాడు కెనడాకు పోవుచు కంప్యూటరును అమ్మివేసినాడు. మిగిలినదెల్ల నలువది సెకనుల ముక్క. అందులో సగము చప్పట్లు.

నా పద్దులు వారికెట్లు పనికివచ్చునో చెప్పవలెనన్న పీర్జాదిగూడ సంగతి కొంత చెప్పవలెను. ఉప్పల్ దాటి వరంగల్ బాటను పట్టి పోవునప్పుడు బోడుప్పల్ సరసన నున్న యూరిది. 2019లో నగరపాలక సంస్థ యయినది. ఇండ్లు మొలచినంత వేగముగా సంగీతశాలలు మొలవలేదు. ఉన్నవెల్ల పెండ్లి మంటపములు. వాని యద్దె చదువుకొను పిల్లలకందునది కాదు. అందుచేత 2018లో మా పిల్లయు, మఱి నలుగురును గూడి మా వీధి చివర మూతపడిన కిరాణా దుకాణపు షట్టరు గదిని అద్దెకు తీసికొనిరి. గోడలకు పాత బొంతలు వ్రేలాడగట్టిరి. కోడిగ్రుడ్ల అట్టలు అంటించిరి. ఈ అట్టలు శబ్దమును బయటికి పోనీయవని వారి నమ్మకము. అది సరికాదు. అవి గదిలోని ప్రతిధ్వనిని కొంత తగ్గించునే గాని గోడ దాటు డ్రమ్ముల మ్రోత నాపజాలవు. ఇందుకు మా వీధివారందఱు సాక్షులు.

వారు వాయించినది సినిమా పాట కాదు, త్యాగరాజ కీర్తన కాదు, భజన కాదు. గిటారు గలదు, డ్రమ్ములు గలవు, అంతవఱకు నాకును తెలిసినది. ఒకనాడు మా మేనకోడలు వచ్చి మా రోలు కావలెననినది. రూపాయి బిళ్ల యంత యిత్తడి రేకునొకదానిని రోటికి అతికించినది. గంట బొమ్మలలోను, అలారపు గడియారములలోను కూతపెట్టునట్టి రేకే యది. గాలిలోని చప్పుడును గాక, తాను తగిలియున్న వస్తువులోని వణకునే పట్టి విద్యుత్తుగా మార్చునట. నేను రోటిలో పప్పు రుబ్బుచుండగా ఆ చప్పుడు పెట్టెలలోనుండి వచ్చినది. ఏనుగు నడచినట్లుండెను. ఆ రుబ్బుడుమీద ఆ పిల్లవాడు మెల్లగా గొంతు కలిపినాడు. మా అత్తగారు వంటయింటినుండి వచ్చి విని, "ఇందులో కొత్తేముంది? విసురురాయి మీద మేము పాడలేదా?" అనిరి. ఆమె మాటయందు నిజము లేకపోలేదు. విసరునప్పుడును, దంచునప్పుడును మన పెద్దమ్మలు పాడిన పాటలకు తాళము రాయియు రోకలియునే గదా. ఆ పాటలు కొన్నియైన నేడు మిగిలినవనిన, ఎవరో యొకరు యిల్లిల్లు తిరిగి వ్రాసికొనుటచేతనే. బిరుదురాజు రామరాజుగారు ఆ విధముగా పాటలు సేకరించి చేసిన పరిశోధనకు 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు పట్టమిచ్చిరి. ఆ విశ్వవిద్యాలయము మాకు మూడు నాలుగు మెట్రో స్టేషనుల దూరములో నున్నది. షట్టరు గదులలోని పాట కొఱకు అట్లు తిరుగువారు మాత్రము నాకింతవఱకు కనబడలేదు.

ఈ తీరు సంగీతమును ఇంగ్లీషున "అండర్‌గ్రౌండు" అందురు. పెద్ద కంపెనీల కండ, రేడియోల ప్రచారము లేక, తెలిసినవారు తెలిసినవారికి చెప్పుకొనుచు సాగునదని యర్థము. మన తెలంగాణమున ఆ మాట వినిన పెద్దలు ఉలికిపడుదురు. మనకు "అజ్ఞాతము" అనిన వేఱర్థము కలదు. 1972లో ఏర్పడిన జననాట్యమండలికి గొంతుకయైన గద్దరుగారు 1985లో అజ్ఞాతమునకు పోయి 1990లో తిరిగి వెలికి వచ్చిరి. మా పిల్లల పాట అంతటిది కాదు. వారి భయమెల్ల యింటి యజమాని, ఎదురింటి తాతగారు, రాత్రి పది గంటలు. అయినను గద్దరుగారి పేరు తలచినప్పుడు నాకొక సంగతి తోచును. 1980లో విడుదలయిన "మా భూమి" చిత్రమున ఆయన పాడిన బండి పాటను ఆయనయే కట్టెనని చాలమంది యెంచుదురు. అది నిజాము కాలపు పోరాటమునాడు యాదగిరి యను నాతడు కట్టినది. పాట బ్రతికినది, పాడినవాని పేరు వెలసినది, కట్టినవాని పేరు మాటిమాటికి గుర్తుచేయవలసి వచ్చుచున్నది. అంత పెద్ద పాటకే యీ గతియైనప్పుడు షట్టరు గదిలోని పాట నెవరు తలతురు?

నగరమునకు పడమట ఈ పిల్లలకొక దిక్కు దొరకినది. బంజారాహిల్స్‌లో 2010లో తెఱచిన లామకాన్ అను చోటది. డాక్యుమెంటరీ చిత్రములు తీసిన మొయీద్ హసన్ గారి పాత యిల్లు. నాటకమైనను, ముషాయిరాయైనను, గిటారైనను ఆరుబయట వేదికమీద సాగును. ఖరీదు పెట్టలేనివారు కూడ చాయ త్రాగి వినవచ్చును. 2017 నవంబరులో మెట్రోబండి వచ్చినది గనుక, మా పిల్లలు ఉప్పల్‌లో నెక్కి అమీరుపేటలో దిగి ఆటోలో పోయెడివారు. ఆడపిల్ల రాత్రివేళ గిటారు మోసికొని రాజధాని ఈ కొననుండి ఆ కొనకు పోయివచ్చునని మా అన్నగారికి మొదట కంటగింపుగా నుండెను. నేను కూడ రెండుసార్లు తోడు పోయితిని. మొదటిసారి చెవులు మూసికొంటిని. రెండవసారి మూసికొనలేదు. ఇంతకుమించి పొగడజాలను. ఆ రాత్రి పాటలలో సగము నాకు విసుగు పుట్టించినవి. మిగిలిన సగములో ఆ పిల్లవాడు మాటలు లేక ఒక్క శ్వాసను సాగదీసి పాడినది మాత్రము ఇంటికి వచ్చినదాకను చెవిలో నున్నది.

ఇట్టి సంగీతము చేసి పేరు నిలుపుకొన్నవారు హైదరాబాదున లేకపోలేదు. 2015లో ఇక్కడ పుట్టిన గాడ్‌లెస్ అను జట్టు కలదు. పేరు మన పెద్దలకు మ్రింగుడుపడదు, చప్పుడు అంతకన్న పడదు. 2016లోను 2018లోను చిన్న రికార్డులు, 2021లో "స్టేట్స్ ఆఫ్ కేయాస్" అను పెద్ద రికార్డు వెలువరించిరి. కనుక వారి తేదీలు నిలిచినవి. రికార్డు వేయనివారు, వేయుటకు డబ్బు లేనివారు, రెండేండ్లు పాడి ఉద్యోగములకు చెదరిపోయినవారు వారికన్న పదింతలుందురు. వారి లెక్క యెవరియొద్దను లేదు.

నాచారమునకు దగ్గఱలోని మౌలాలి గుట్ట క్రింద మహలఖా బాయి చందా సమాధి కలదు. 1768లో పుట్టి 1824లో గతించిన గాయని, కవయిత్రి. తన గజళ్ల ప్రతిని 1799లో మాల్కమ్ అను ఇంగ్లీషు దొర చేతికిచ్చినది. అది నేడు లండనులో భద్రముగా నున్నది. వ్రాసినది మిగిలినది. పాడినది ఆ రాత్రులతోనే పోయినది. ఆనాడు గొంతును పట్టు యంత్రములు లేవు. మనకున్నవి; ఉండియు పోగొట్టుకొనుచున్నాము.

యంత్రముండుట యొక్కటే చాలదని అహమ్మదాబాదు కథ చెప్పుచున్నది. గీతా సారాభాయి యను నామె 1946లో అమెరికాకు పోయి, జాన్ కేజ్ అను సంగీతజ్ఞునికి మన సంగీతమును నేర్పి, అతనియొద్ద వారి సంగీతమును నేర్చుకొనెను. ఒకరికొకరు రుసుము లేదు. పఖవాజు వాయించిన ఆడుది ఆ దినములలో అరుదు. 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో మూగ్ అను విద్యుత్ సంగీతయంత్రముతో నొక స్టూడియో నెలకొల్పబడినది. గీతగారును, మఱికొందఱును అక్కడ టేపులమీద ప్రయోగములు చేసిరి. మూడు నాలుగేండ్లకే స్టూడియో మూతపడినది. ఆ టేపులు నలువదియేండ్లకు పైగా ఎవరి చెవినిబడక అక్కడనే యుండిపోయినవి. పాల్ పర్గస్ అను నింగ్లండువాడు వానిని వెదకి వెలికి తీయగా, 2023లో అవి రికార్డుగా వెలువడినవి. గీతగారు 2011లోనే పోయిరి. టేపులలో నొకటి గీతాబెన్ కూర్చినదను పేరుతోనే నేడు వినబడుచున్నది. ఆ పేరు మిగులకున్న అది యెవరిదో యెవరు చెప్పగలరు?

ఇక నా పద్దుల సంగతి. సాధన దినములలోను, ఎక్కడికైన పాడబోవు దినములలోను పిల్లలకు టీయు, ఉప్మాయు మా యింటినుండియే పోయెడివి. నేను లోభిని గనుక వ్రాసికొనెడిదానను. "రవ్వ కిలోన్నర, పాలు రెండు లీటర్లు, పిల్లలు 11, నాచారము షెడ్డు" అని యొకచోట. "ఆటో, లామకాన్, రానుపోను" అని యొకచోట. "ఎదురింటివారు వచ్చి కేకలు, టీ ఇచ్చి పంపితిని" అని మఱియొకచోట. నేనును మేనకోడలును రెండు రాత్రులు కూర్చుండి, పుటపుటయు త్రిప్పి, ముప్పదియొక్క దినములు తేల్చితిమి. 2020 మార్చి తరువాత పద్దులలో ఆ యుప్మా లేదు.

మీ యిండ్లలోను పాడు పిల్లలుందురు. వారేమి పాడుచున్నారో మీకు నచ్చనక్కఱలేదు. కాని గోడమీది క్యాలెండరులోనో, పాల పుస్తకములోనో ఆనాటి తేదీ వేసి, ఏ చోట పాడిరో, ఎవరెవరు పాడిరో, పాట కట్టినదెవరో, ఎవరు ఏది వాయించిరో, విన్నవారెందఱో రెండు పంక్తులు వ్రాయుడు. ఫోనులో నున్నదిగదా యని ధీమా పడవలదు. ఒకరినుండి యొకరికి వాట్సాపులో పంపుకొన్న వీడియోకు తీసిన తేదీ పోయి, పంపిన తేదీయే మిగులును. ఆ సంగతి మాకీ రెండు రాత్రులలోనే తెలిసినది. మంచి ముక్క నొకదానిని వేఱొకచోట కూడ దాచి, దాని పేరుగా తేదీనే పెట్టుడు. బాగున్నదానినే గాక చెడినదానిని కూడ వ్రాయుడు. మైకు పనిచేయని రాత్రియే మా పిల్లలకందఱికి మొదట జ్ఞాపకము వచ్చినది.

పోయిన ఆదివారము ఆ పుస్తకమును, తేదీలెత్తి వ్రాసిన కాగితమును పట్టుకొని నాచారమునకు పోయితిమి. ఆ తల్లి కాగితమును పక్కనబెట్టి పుస్తకమునే తీసికొన్నది. వ్రేలు పెట్టి యొక్కొక పంక్తి చదివినది. తండ్రి తలుపు దగ్గఱ నిలుచుండి వినెను, లోపలికి రాలేదు. 2019 ఫిబ్రవరి పుటయొద్ద ఆమె ఆగి, "అక్కా, ఈ పదకొండుమందిలో మావాడు ఉన్నడా? ఆ రోజు తిన్నడా?" అని యడిగినది.

నేను తలలు లెక్కపెట్టితినే గాని పేర్లు వ్రాయలేదు. మా మేనకోడలు కొంతసేపాలోచించి, ఆ దినమున అతడు ఆలస్యముగా వచ్చెననియు, గిన్నె గోకి తినెననియు చెప్పినది. ఆ తల్లి కలము తెమ్మని, ఆ పంక్తి ప్రక్కన కొడుకు పేరు తన చేతితోనే వ్రాసినది. పుస్తకము ఆమెయొద్దనే యుంచి వచ్చితిమి.