కాలయంత్రంలో కూలీకి చోటేదీ?

సైన్సు కల్పనా కథలను నేను మొదటినుంచీ అనుమానంతోనే చూస్తున్నాను. రేపటి సంగతి చెబుతామంటూ యివాళ్టి సంగతి దాటవేయడానికి యింత వీలైన సాధనం మరొకటి లేదు. 1991లో విడుదలై, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ థియేటర్లకు వచ్చిన ‘ఆదిత్య 369’ను కశింకోటలో కొందరు విద్యార్థులతో కలిసి చూశాను. తెలుగువాళ్ళు మూడు దశాబ్దాలకు పైగా ముద్దు చేస్తున్న చిత్రమిది. నా అనుమానం మరింత బలపడింది.

దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు గారి నేర్పును నేను కాదనను. నేటి కంప్యూటర్ హంగులు లేని రోజుల్లో కాలయంత్రాన్ని జనంచేత నమ్మించారు. ప్రశ్న అది కాదు. ఆ యంత్రం యెవరి యింటిముందు ఆగింది?

అది 1526కు పోయి కృష్ణదేవరాయల కొలువులో దిగింది. అక్కడ వజ్రమున్నది, నాట్యమున్నది, తెనాలి రామకృష్ణుని చమత్కారమున్నది. రైతు మాత్రం లేడు. రాయల మరణానంతరం కొద్ది యేళ్ళకే విజయనగరాన్ని వర్ణించిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, సేద్యగాళ్ళు పంటలో పదింట తొమ్మిది పాళ్ళు దొరలకు చెల్లిస్తున్నారని రాశాడు. ఆ తొమ్మిది పాళ్ళ మాట చెప్పని స్వర్ణయుగం యెవరి స్వర్ణయుగం?

తర్వాత యంత్రం 2504కు పోయింది. మూడో ప్రపంచయుద్ధంలో అణుధార్మికత కమ్మి మనుషులు భూగర్భంలో బతుకుతున్నారు. హెచ్చరిక మంచిదే. కాని ఆ యుద్ధం యెవరి లాభాలకోసం జరిగిందో చిత్రం విచారించదు. కాలయంత్రాన్ని 1895లో నవలకెక్కించిన హెచ్.జి.వెల్స్ కథలోనూ భూగర్భమున్నది. అక్కడికి మనుషులను తోసింది బాంబు కాదు, వర్గ సమాజం. పైన తిని కూర్చునేవారి సంతతి, కింద యంత్రాలు తిప్పేవారి సంతతి. మనవాళ్ళు వెల్స్ యంత్రాన్ని తెచ్చుకున్నారు. ఆయన అడిగిన ప్రశ్నను గట్టునే వదిలేశారు.

“వినోదానికి తీసిన సినిమాకు యింత విచారణ యెందుకు మాస్టారూ?” అన్నాడొక విద్యార్థి. వినోదం కాలానికి అతీతమైంది కాదు గనుక! యీ చిత్రం విడుదలైన 1991 జూలైలోనే, విదేశీ మారకం అడుగంటిన మన దేశం దాదాపు 47 టన్నుల బంగారాన్ని పరాయి బ్యాంకులకు తాకట్టు పెట్టింది. ఆ నెల 24న వచ్చిన బడ్జెట్టు ఆర్థిక విధానాన్నే మలుపు తిప్పింది. దేశం బంగారం కుదువకు పోతుంటే, తెరమీద రాయలవారి వజ్రం ధగధగలాడింది. యిందులో యెవరి కుట్రా వుండనక్కరలేదు. వర్తమానాన్ని చూడలేని కల్పనకు గతవైభవమే ఆశ్రయం.

విజ్ఞానాన్ని కథలోకి తేవద్దని నేననడంలేదు. తేవలసిందే. మా చుట్టుపట్ల చెరకు నరికే కూలీకి, బెల్లం వండే పనివాడికి రేపటి యంత్రం విశ్రాంతినిస్తుందా, వున్న పనిని కూడా వూడబెరుకుతుందా? ఆ యంత్రానికి యజమాని యెవరు? భవిష్యత్తును గురించి అడగదగిన మొదటి ప్రశ్నలివి. యువ రచయితలారా, కాలయంత్రాన్ని యీసారి చెరకు తోటలో దింపండి. అప్పుడు సైన్సు కల్పనను నేనూ నమ్ముతాను.